ట్రైలరును బట్టి లారీ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, విశేషించి టెక్సాస్, ఓక్లహోమా, కొలరాడో మొదలగు ప్రాంతముల రాజమార్గములమీద బంధుమిత్రుల కారులలో ప్రయాణము చేసివచ్చిన తెలుగువారి కొక దృశ్యము సుపరిచితమై యుండును. ముందు ఒక లారీ. అది మన జాతీయ రహదారులపై ధాన్యపు బస్తాలు మోయు లారీయంతటిది కాదు, అట్లని వెనుక తెరచియుండు చిన్న పికప్ బండియు కాదు, ఆ రెండింటికి నడిమిది. దాని వెన్నంటి దానికంటె పొడవును, ఎత్తును, తరచుగా బరువును గల ట్రైలరు. ఆ ట్రైలరులో ఒకచో నాలుగు గుఱ్ఱములును, వాటి యజమానుల పడకగదియు, వంటగదియు నుండును. ఒకచో మన్ను త్రవ్వు యంత్రముండును. వేఱొకచో ఉద్యోగ విరమణ చేసిన దంపతుల సంసారమంతయు చక్రములమీద సాగిపోవుచుండును. దానిని నడుపువాడు తరచుగా జీతమునకు కుదిరిన డ్రైవరు కాడు, గృహస్థు. సొంత ధనము వెచ్చించి, సొంత వివేకమును నమ్ముకొని ఆ లారీని ఎన్నుకొన్నవాడు. ఆ యెన్నిక ఎట్లు జరుగవలెనో, సాధారణముగా నెట్లు జరుగుచున్నదో, ఈ వ్యాసమునందు కొంత వివరింపదలచినాను.

నేటి ట్రైలరునకు మూలపురుషుడు ఒక కమ్మరి. 1914లో డిట్రాయిట్ నగరమున ఫ్రెడరిక్ సిబ్లీ అను కలప వర్తకుడు తన పడవను మిషిగన్ ఉత్తర ప్రాంతమునకు చేర్చుకొనుటకు సాధన మేదైన కావలెనని కోరగా, ఆగస్ట్ ఫ్రూహాఫ్ అను కమ్మరి, ఆ వర్తకుని ఫోర్డ్ మోడల్ టి కారునకు వెనుక తగిలించుటకు వీలగు బండి నొకదానిని నిర్మించి యిచ్చెను. ఆ బండికి ముందు చక్రములు లేవు. దాని ముందుభాగము కారు వీపుమీద ఆనియుండెను. వర్తకుడు సంతసించి, కలప రవాణాకు అట్టివే మరికొన్ని చేయించుకొనెను. కమ్మరి కొలిమి క్రమముగా ఒక గొప్ప కర్మాగారముగా మారెను. మన విషయమునకు బీజమంతయు ఈ చిన్న కథలోనే యున్నది. ముందు చక్రములు లేని ట్రైలరు తన బరువులో కొంత పాలు లాగు వాహనము వీపుమీద మోపును. కావున లాగుట యనునది లారీ చేయవలసిన పనులలో ఒకటి మాత్రమే, మోయుట రెండవది, ఆపుట మూడవది. కొనువారు మొదటిదానిని గురించియే విచారింతురు. అమ్మువారును మొదటిదానిని గురించియే ప్రకటింతురు. ప్రమాదములు మాత్రము కడపటి రెండింటివలననే ఎక్కువగా సంభవించునని నా యభిప్రాయము.

అమెరికాలో లారీలను, బండియు, ఇంధనమును, మనుష్యులును, సరకును, ట్రైలరు వీపుమీద మోపు పాలును కలిపి వాటి చక్రములపై నిలువదగిన అత్యధిక భారమును బట్టి, ఎనిమిది తరగతులుగా విభజించినారు. 10,001 మొదలు 14,000 పౌండ్ల వరకు మూడవ తరగతి. వెనుక ఇరుసునకు ప్రక్కకు రెండేసి చొప్పున నాలుగు చక్రములు గలిగి, వాడుకలో ఒక టన్ను పికప్పులని పిలువబడు పెద్ద పికప్పు లిందు చేరును. 16,000 వరకు నాల్గవది, 19,500 వరకు ఐదవది, 26,000 వరకు ఆఱవది, 33,000 వరకు ఏడవది. అంతకు మించినవన్నియు ఎనిమిదవ తరగతి. నాలుగు మొదలు ఆఱు వరకు గల తరగతులకు, వర్తకుల వాడుకలో ఏడవదానికి కూడ, మధ్యశ్రేణి లారీలని పేరు. రామ్ 5500, ఫోర్డ్ ఎఫ్-550 అనునవి ఐదవ తరగతివి. ఫోర్డ్ ఎఫ్-650, ఫ్రైట్‌లైనర్ ఎం2 106, ఇంటర్నేషనల్ ఎంవీ మొదలగునవి ఆఱవ, ఏడవ తరగతులలో లభించును. ఆఱవ తరగతికి ఎల్లయైన 26,000 పౌండ్లు మన లెక్కలో సుమారు 11,800 కిలోలు. ఈ యంకెను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. దీనితో ముందు పని కలదు.

ఇప్పుడొక విపరీతమును చూడుడు. ఫోర్డ్ సంస్థ 2023 నమూనా మొదలుకొని తన పెద్ద పికప్పులలో నమర్చుచున్న 6.7 లీటర్ల డీజిల్ ఇంజను, అధికశక్తి గల రకములో, 500 అశ్వశక్తిని, 1,200 పౌండ్-అడుగుల టార్కును ఇచ్చును. అదే సంస్థ, అదే 6.7 లీటర్ల ఇంజనును, ఆ పికప్పునకు దాదాపు రెట్టింపు భారమును వహించు ఎఫ్-650 లారీలో అమర్చినప్పుడు, దాని శక్తిని 330 అశ్వశక్తికిని, టార్కును 750కిని పరిమితము చేసినది. రామ్ వాహనములలోని కమిన్స్ ఇంజను సంగతియు నిట్టిదే. పికప్పులో 420 అశ్వశక్తిని, 1,075 పౌండ్-అడుగుల టార్కును ఇచ్చిన యింజను, అంతకంటె బలిష్ఠమైన 5500 ఛాసిస్‌లో 360 అశ్వశక్తితోను, 800 పౌండ్-అడుగులతోను తృప్తిపడినది. చిన్న బండికి పెద్ద శక్తి, పెద్ద బండికి చిన్న శక్తి! దుకాణములో ఈ రెండు పత్రములను ప్రక్కప్రక్కన బెట్టుకొని చూచు గృహస్థునకు, ఎక్కువ ధర పెట్టి తక్కువ శక్తిని కొనుట బుద్ధిహీనతగా తోచినచో నాశ్చర్యమేమి?

ఐనను ఇందు బుద్ధిహీనత యేమియు లేదు. పికప్పు తన పూర్తిశక్తిని చూపవలసిన సందర్భములు స్వల్పములు. రహదారిలో ప్రవేశించునపుడు కొన్ని క్షణములు, ఎత్తు ఎక్కునపుడు కొన్ని నిమిషములు, తక్కిన కాలమంతయు అది సుఖముగా పరుగెత్తుచుండును. మధ్యశ్రేణి లారీ యన్ననో, ఉదయము మొదలు సాయంకాలము వరకు పూర్తిభారముతో, సంవత్సరముల తరబడి పనిచేయుటకు ఉద్దేశింపబడినది. ఇంజను పుట్టించు వేడిమిని నిరంతరముగా వెడలగొట్టు శక్తి రేడియేటరునకు ఎంతగలదో, గేరుపెట్టె యెంత బలమునకు చిరకాలము తాళగలదో, ఆ మేరకే దాని శక్తిని నిర్మాతలు తగ్గించి యుంచుదురు. తగ్గించిన శక్తియే దాని దీర్ఘాయువునకు కారణము. కావున అశ్వశక్తిని చూచి లారీని ఎన్నుకొనువాడు, అవసరమైన దానిని విడిచి ఆకర్షణీయమైన దానిని పట్టుకొన్నవాడగును.

పికప్పుల ప్రకటనలలో కనబడు లాగుడు సామర్థ్యపు టంకెలు బొత్తిగా నిరాధారములని నే ననను. ఒకప్పు డవి ఎవరికి తోచినట్లు వారు చెప్పుకొను గొప్పలుగానే యుండెను. పిదప అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘము జె2807 అను పరీక్షావిధానమును ఏర్పఱచినది. టయోటా సంస్థ దానిని మొదట స్వీకరింపగా, తక్కిన నిర్మాతలు కొంతకాలము తాత్సారము చేసి, తుదకు అంగీకరించిరి. అరిజోనాలో కొలరాడో నదిపై నున్న డేవిస్ డ్యామ్ వద్ద మొదలగు పదునొకండు మైళ్ళకు పైబడిన ఎత్తు రోడ్డును, గ్రీష్మతాపములో, లోపలి ఎయిర్ కండిషనర్ పూర్తిగా నడచుచుండగా, నిర్ణీత వేగమునకు తగ్గకుండ ఎక్కగలుగుట యీ పరీక్షలోని ముఖ్యాంశము. పరీక్ష మంచిదే, కాని అందు లెక్కించు మనుష్యులు ఇద్దరే, వారి బరువు తలకు 150 పౌండ్లే. భార్యాభర్తలును, ఎదిగిన పిల్లలిద్దరును, ఒక కుక్కయు, పనిముట్ల పెట్టెయు బండిలో చేరినప్పుడు, ఆ ప్రకటనలోని అంకె యెవరిదో యగును గాని వారిది కాజాలదు.

సరియైన మార్గమేమనగా, లెక్కను ట్రైలరునుండి మొదలుపెట్టి లారీ వైపునకు నడచుట. ఉదాహరణమునకు, గుఱ్ఱములతోను, నివాసపు గదితోను కూడిన ట్రైలరొకటి, నీరు, మేత, జీనులు సమస్తము నింపిన పిదప 20,000 పౌండ్లు తూగుననుకొందము. ఇట్టివి కారు వెనుక కొక్కెమునకు తగిలించు రకము కావు. లారీ వెనుక ఇరుసుకు మీదుగా గుండుపై కూర్చుండు గూస్‌నెక్ రకమో, ఫిఫ్త్ వీల్ అను పళ్ళెముపై ఆనుకొని తిరుగు రకమో అయి యుండును. వీటిలో ట్రైలరు బరువున సాధారణముగా నూటికి 15 మొదలు 25 పాళ్ళు లారీ వీపుమీద పడును. ఈ పాలును తగ్గించి పెట్టుకొందమనిన వీలుకాదు. ఎద్దుబండిలో బస్తాలు ముందునకు జరిగినచో ఎద్దుల మెడలు క్రుంగుటయు, వెనుకకు జరిగినచో కాడి పైకి లేచుటయు మన రైతులెల్ల రెఱిగినదే. ట్రైలరులో బరువు వెనుకకు జరిగినప్పుడు, లేచుటకు మాఱుగా అది పాము వలె ప్రక్కలకు ఊగనారంభించి, లారీని సైతము తన వెంట ఈడ్చుకొనిపోవును. కావున మీదపడవలసిన పాలు పడియే తీరవలెను.

మన యుదాహరణమున ఆ పాలు నూటికి 22 అనుకొన్నచో 4,400 పౌండ్లు. ఒక టన్ను పికప్పు భారపరిమితి 14,000. నాలుగు తలుపులు, డీజిల్ ఇంజను, నాలుగు చక్రములకు చోదనము గల అట్టి బండి తానొంటిగా 8,700 తూగుననుకొన్నచో, మోయుటకు మిగిలినది 5,300. ఇందులో ట్రైలరు పాలు 4,400, దానిని పట్టియుంచు కొక్కెపు సామగ్రి 250, నలుగురు మనుష్యులు 700, అదనపు ఇంధనపు తొట్టియు పనిముట్లును 350, మొత్తము 5,700. పరిమితి దాటి 400 పౌండ్లు! ఆ బండి ఇంజను 500 అశ్వశక్తి గలదైనను, ఆ ట్రైలరును అవలీలగా లాగుకొని పోగలిగినను, దాని వెనుక ఇరుసు, స్ప్రింగులు, టైర్లు అనుమతించిన భారమునకు మించి క్రుంగియే పోవుచుండును. లాగగలదు, మోయలేదు. అదే యాఱవ తరగతి లారీయైనచో, పరిమితి 26,000. వెనుక పెట్టెలతో, పెద్ద క్యాబుతో కలిపి సొంత బరువు 14,000 అనుకొన్నను 12,000 మిగులును. అందులో మన 5,700 పోగా, ఇంకను 6,300 పౌండ్ల అవకాశము. ఈ అవకాశమే కొనువాని నిజమైన ఆస్తి. దాని నెవ్వరును ప్రకటనలో వేయరు.

ఇక ఆపుట. ఈ విషయమున ఒక చరిత్ర చెప్పదగియున్నది. డీజిల్ ఇంజన్ల నిర్మాతయైన క్లెస్సీ కమిన్స్, తన ఇంజను గొప్పతనమును లోకమునకు చూపుటకై, 1931లో ఒక లారీలో అమెరికాను తూర్పుతీరమునుండి పశ్చిమతీరము వరకు అడ్డముగా దాటుచు, కాలిఫోర్నియాలోని కజోన్ కనుమ ఘాట్ రోడ్డున దిగుచుండగా, బ్రేకులు కాగి పట్టు విడిచినవి. దిగువన రైలు దారి. దానిమీద అడ్డముగా సాగిపోవుచున్న గూడ్సు రైలు. దాని కడపటి పెట్టె దాటిపోవుటయు, అదుపు తప్పిన లారీ అచ్చటికి చేరుటయు ఇంచుమించుగా నొక్కసారియే జరిగెను. ప్రాణములు దక్కిన ఆ మనుష్యుడు, ముందునకు నడిపించు ఇంజనుచేతనే వెనుకకు పట్టి నిలుపు పని యేల చేయింపరాదని, తరువాత చాల సంవత్సరములు చింతించెను. సిలిండరులోని గాలిని పిస్టను అణచి బిగించిన వెంటనే, ఆ గాలి తిరిగి పిస్టనును త్రోయకముందే, కవాటము తెరచి దానిని బయటికి వదలివేసినచో, బిగించుటకు వ్యయమైన శక్తి యంతయు వ్యర్థమై, లారీ వేగము తగ్గును. ఈ సూత్రము మీద జేకబ్స్ సంస్థ 1961లో ఇంజను బ్రేకును విపణిలో ప్రవేశపెట్టినది. అమెరికా లారీ డ్రైవర్లు నేటికిని దానిని జేక్ బ్రేకు అనియే వ్యవహరింతురు.

దాని యవసర మెంతయో చిన్న లెక్కచే గ్రహింపవచ్చును. మన లారీయు, ట్రైలరును, వాటిలోని సమస్తమును కలిపి సుమారు 35,300 పౌండ్లు, అనగా 16,000 కిలోలు. నూరడుగులకు ఆఱడుగులు చొప్పున పల్లమైన ఘాట్ రోడ్డున ఐదు మైళ్ళు దిగినచో, అది సుమారు 480 మీటర్లు క్రిందికి వచ్చును. ఆ దిగుటలో విడుదలయగు శక్తి, గంటకు 60 మైళ్ళ వేగముతో పోవుచున్న అదే భారమును పూర్తిగా నిలిపివేయుటకు కావలసిన శక్తికి పదుమూడు రెట్లు. బ్రేకులు మాత్రమే ఆధారమైనచో, పదుమూడు సారులు వరుసగా, చల్లారుటకు నడుమ నిమిషమైన విరామము లేక, పూర్తివేగమునుండి బండిని ఆపినట్లే. ఇంజను బ్రేకో, ఎగ్జాస్ట్ గొట్టమును నొక్కి అడ్డగించు ఎగ్జాస్ట్ బ్రేకో లేక, ఈ వేడిమిని కేవలము బ్రేకు చక్రములు భరింపలేవు. కొలరాడోలో 11,000 అడుగుల ఎత్తుననున్న ఐసెన్‌హోవర్ సొరంగము దాటి పడమటివైపునకు దిగు రాజమార్గము నూటికి ఏడు వంతుల వాలు గలది. అదుపు తప్పిన లారీలు ఎక్కి నిలుచుటకై ఎత్తుగా కంకర పోసిన ప్రక్కదారి అచ్చట నిర్మింపబడి యున్నదన్నచో, ఈ లెక్క కేవలము కాగితము మీదిది కాదని స్పష్టము.

మన లెక్కలోని నూరడుగులకు ఆఱడుగుల వాలును గంటకు 40 మైళ్ళ వేగముతో ఎక్కుటకు, గాలి, టైర్ల నిరోధములను విడిచిపెట్టినచో, సుమారు 225 అశ్వశక్తి చాలును. అనగా 330 అశ్వశక్తితో మన మధ్యశ్రేణి లారీ సావకాశముగా ఎక్కును. 500 అశ్వశక్తి గలది మరికొంత ముందుగా శిఖరము చేరును. శిఖరమునకు కొంచెము ముందుగా చేరి, దిగునపుడు బ్రేకులను నమ్ముకొని గుండె చేతబట్టుకొనుట యెట్టి లాభమో కొనువారు యోచింపవలెను.

ట్రైలరునకు సొంత బ్రేకులు ఉండవలెనని వేఱుగా చెప్పనక్కఱలేదు. మన పల్లెలలో ట్రాక్టరు వెనుక చెఱకో ఇసుకయో మోయు ట్రాలీలకు చాలవాటికి బ్రేకులుండవు. ట్రాక్టరు మెల్లగా పోవుటచే మాత్రమే మనము బ్రదికి యున్నాము. అమెరికాలో రాష్ట్రమునకొక నియమము. కాలిఫోర్నియాలో 1,500 పౌండ్లు, టెక్సాస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలరునకు బ్రేకులు తప్పనిసరి. ఇచ్చట మధ్యశ్రేణి లారీ కొనువారికి ఒక చిక్కు కలదు. గృహస్థుల ట్రైలర్లకు విద్యుత్తుతో పనిచేయు బ్రేకులుండును. పెద్ద లారీలకు గాలితో పనిచేయు బ్రేకు లుండవచ్చును. రెండింటిని సంధించు నియంత్రణ పరికరమును ప్రత్యేకముగా అమర్చించుకొనవలెను. దీపములకును బ్రేకులకును తీగలు పోవు ఏడు ముళ్ళ ప్లగ్గు కూడ పెద్ద లారీలలో ఒక ఆకారము, చిన్న ట్రైలర్లలో వేఱొక ఆకారము. ముళ్ళ వినియోగమును భిన్నమే. వెల స్వల్పమే కాని, బేరమునకు ముందే తెలిసియుండదగిన విషయము.

క్రొత్త మధ్యశ్రేణి లారీ వెల ఎక్కువ కావుటచే చాలమంది పాతవాటిని వెదకుదురు. ఇది మెచ్చదగిన మార్గమే. అందు మోసపోవుటకును అవకాశము లెక్కువే. సరకుల పెట్టెతో ఊరిలో తిరిగిన లారీయు, ట్రైలరు లాగుటకు నిర్మింపబడిన లారీయు ముందునుండి చూచిన ఒక్క తీరుగనే యుండును. అదే క్యాబు, అదే పేరు, అదే ఇంజను. భేదమంతయు క్రింద దాగియున్నది. మొదటిది గేరుపెట్టె. దానిని బట్టి బండియు ట్రైలరును కలిపి ఎంత మొత్తము భారమును అనుమతించునో తయారీపత్రమున వ్రాసియుండును; ఊరిలో సరకులు పంచుటకు కొన్న లారీలో ఆ మొత్తము తన సొంత భారపరిమితికి మించనిదిగా నుండుట కద్దు. అట్టి లారీ, భారపరిమితి 26,000 ఐనను, 20,000 పౌండ్ల ట్రైలరునకు పనికిరాదు. రెండవది చట్రము, దాని ఉక్కు ఎంత మందమైనది, ఎంత వంపునకు తాళునది యను విషయము అదే నమూనాలో అనేక విధములుగా నుండును. మూడవది వెనుక ఇరుసులోని పళ్ళచక్రముల నిష్పత్తి. నెమ్మదిగా ఊరిలో తిరుగుటకు అమర్చిన నిష్పత్తి గల లారీ, రాజమార్గమున గంటకు 65 మైళ్ళు పోవలెనన్నచో, ఇంజను కేకలు పెట్టుచు ఇంధనమును త్రాగివేయును. మధ్యశ్రేణి డీజిల్ ఇంజన్లు నిమిషమునకు 2,600 చుట్లకు అటునిటుగా కట్టడి చేయబడి యుండుటచే, కొన్ని లారీలు ఆ వేగమునే అందుకొనలేవు. ఈ మూటిని పరిశీలింపక, పైరంగును చూచి, లోపలి తోలు కుర్చీలను చూచి కొన్నవారు పిదప వగచుట సహజము.

పొగ నియమములును పాత లారీల విషయమున గణింపదగినవి. 2007 నమూనానుండి మసిని పట్టు వడపోత, 2010 నుండి యూరియా ద్రావణమును ఎగ్జాస్ట్‌లోనికి చిమ్మి విషవాయువులను తగ్గించు ఏర్పాటు క్రొత్త డీజిల్ లారీలకు వచ్చినవి. ఇవి దూరప్రయాణములలో ఇబ్బంది పెట్టవు. ఇంజను కాగి, వడపోతలోని మసి కాలిపోవును. వారమునకొకసారి పావుగంట నడిపి, తక్కిన కాలము ఇంటి ముందు నిలిపియుంచువానికి మాత్రము ఆ వడపోత నిండిపోయి, బాగుచేయు ఖర్చులు తెచ్చిపెట్టును. కావున సంవత్సరమునకు రెండు మూడు యాత్రలు మాత్రమే చేయు గృహస్థుడు ఇట్టి లారీని కొనుటకన్న, అవసరమైనప్పుడు కిరాయికి పిలిపించుకొని ట్రైలరును లాగించుకొనుట మేలని నా సలహా.

ఎత్తు సంగతి కూడ ఉన్నది. గృహస్థుల ట్రైలర్లు పికప్పు ఎత్తునకు సరిపోవునట్లు చేయబడినవి. పెద్ద చక్రములు గల లారీకి వాటిని తగిలించినచో ముందుభాగము పైకి లేచి, బరువంతయు వెనుక ఇరుసుపై పడి, టైర్లు కాగి పగులును. గాలి సంచులపై ఆనుకొని, కావలసినప్పుడు ఎత్తు తగ్గించుకొన వీలగు వెనుక ఏర్పాటు గల లారీలు ఈ పనికి శ్రేష్ఠములు. వాటి మరియొక గుణమేమనగా, ఖాళీగా పోవునపుడు కూర్చున్నవారి నడుములను విఱుగగొట్టవు.

ఇక 26,000 పౌండ్ల సంగతి. 1986లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టము ననుసరించి ఏర్పడిన వాణిజ్య డ్రైవింగ్ లైసెన్సు, ఒంటి వాహనపు పరిమితి 26,001 పౌండ్లు గాని అంతకు మించి గాని యున్నప్పుడు కావలెను. ట్రైలరు కలిసినప్పుడు, రెండింటి పరిమితులు కలిపి 26,001కి చేరి, అందు ట్రైలరు పరిమితి 10,000 దాటినప్పుడు, అంతకంటె పై తరగతి లైసెన్సు కావలెను. ఆఱవ తరగతి లారీలు సరిగా 26,000 వద్దనో, దానికి కొంచెము లోపలనో ఆగిపోవుటకు ఉక్కు బలము కారణము కాదు. ఈ చట్టమే కారణము. ఊరు మారువారికి అద్దెకిచ్చు పెద్ద లారీలును ఇట్లే ఈ గీతకు లోపల నిర్మింపబడినవి. 26,000 పౌండ్ల లారీ వెనుక 10,000 పౌండ్ల ట్రైలరు తగిలించిన వర్తకునకు ఈ లైసెన్సు అక్కఱలేదు. మన 20,000 పౌండ్ల ట్రైలరును వ్యాపారమునకై లాగినచో కావలెను. 2022 ఫిబ్రవరి నుండి క్రొత్తగా ఆ లైసెన్సు తీసికొనువారు నిర్ణీతమైన శిక్షణ పొందవలెను. సొంత గుఱ్ఱములను, సొంత సంసారమును మోసికొనువారి విషయమున రాష్ట్రములు సడలింపు లిచ్చినవి. ఐనను టెక్సాస్ వంటి రాష్ట్రములలో వాణిజ్యేతరమైన ఎ తరగతి లైసెన్సు అవసరమగును. మన దేశములో ఈ గీత మిక్కిలి క్రిందనున్నది. తేలిక వాహనపు లైసెన్సు గలవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనములను నడుపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పియుండుట పాఠకులకు విదితమే.

పన్ను మాట కూడ ఒక్కటి. 33,000 పౌండ్లు దాటిన క్రొత్త లారీలపై అమెరికా కేంద్రప్రభుత్వము నూటికి 12 వంతులు అమ్మకపు సుంకము విధించును. ట్రైలరు లాగుటకే ప్రధానముగా నిర్మింపబడిన లారీకి ఈ యెల్ల యింకను తక్కువ. దాని సొంత పరిమితి 19,500ను, ట్రైలరుతో కలిపిన పరిమితి 33,000ను దాటకున్ననే అది ఈ సుంకము తప్పించుకొనును. కావున క్రొత్త లారీ కొనువారు, తమది సరకు లారీగా పరిగణింపబడునో, లాగుడు లారీగా పరిగణింపబడునో, ధర మాట్లాడుకొనునప్పుడే లిఖితరూపమున తెలిసికొనుట యుక్తము.

ఇన్ని చెప్పిన పిదప, మధ్యశ్రేణి లారీ అందఱికి తగినదని నేననుటలేదు. దానిని దినచర్యకు వాడుకొనుట కష్టము. బజారు అంగడుల పార్కింగులో అది ఇమడదు. చాల నివాస సముదాయములలో ఇంటి ముందు నిలుపుటకు అనుమతి యుండదు. దాని టైర్లు ఖరీదైనవి. ఇంజను నూనె మార్చుటకే చిన్న కారునకు పట్టు నూనెకు అనేక రెట్లు పోయవలెను. ఒక్క విషయమున మాత్రము అది అందఱి అంచనాలను తలక్రిందులు చేయును. ముందు చక్రములు మిక్కిలి వాలుగా తిరుగుటచే, ఫ్రైట్‌లైనర్ ఎం2 వంటి వాటిలో ఆ కోణము 55 డిగ్రీల వరకు ఉండుటచే, పొడవైన పికప్పు తిరుగలేని ఇరుకు మలుపులో ఈ పెద్ద లారీ సులభముగా తిరుగును.

నా నిర్ణయ మిది. నిండిన ట్రైలరు 14,000 పౌండ్లకు లోబడినచో ఒక టన్ను పికప్పుతో తృప్తిపడుడు. అంతకు మించిన లారీ ధనమునకు చేటు. 14,000 నుండి 18,000 వరకు నడిమి ప్రాంతము; అచ్చట ఐదవ తరగతి లారీ, మైదానములలో తిరుగువారికి పికప్పు కూడ, కాగితము మీద లెక్క సరిపోయినచో తగును. 18,000 దాటి, కొండదారులలో తఱచుగా పోవువారికి ఆఱవ తరగతికి లోపలిది కొనుట తగదు.

ఏ తరగతికైనను, బేరమునకు ముందు చేయవలసిన పని యొకటి యున్నది. అమెరికా రాజమార్గముల ప్రక్కన లారీలు నిలుచు పెట్రోలు బంకులలో, స్వల్పమైన రుసుమునకు, ఇరుసు ఇరుసునకు వేఱువేఱుగా బరువు తూచి కాగితము మీద అచ్చువేసి యిచ్చు కాటాలున్నవి. నీరు, మేత, మనుష్యులు, సామగ్రి సమస్తము నింపి, మిత్రుని లారీయైనను అడిగి తెచ్చుకొని, మీ ట్రైలరును అచ్చట ఒకసారి తూపించుడు. ఆ కాగితమును చేతబట్టుకొని దుకాణమునకు పోయి, ఈ యంకెలకు తగిన లారీని చూపుమని అడుగుడు.